యేసు నామమున ప్రార్థించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రార్థన కూడిక ముగిసి అందరూ లేచి వెళ్తున్నప్పుడు ఎవరో ఒకరు వెనుక ఆగి, తగ్గు స్వరంతో అడిగే ప్రశ్నలు ఇవి. కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవారూ, నలభై ఏళ్లుగా ప్రార్థిస్తున్నవారూ ఇంచుమించు ఇవే అడుగుతారు. అవే సందేహాలు మళ్లీ మళ్లీ వస్తున్నందున వాటిని అడిగినవారి మాటల్లోనే రాసి, ఒక్కొక్కదానికి విడిగా జవాబు ఇచ్చాను. ఎవరికి కావలసిన ప్రశ్న దగ్గర వారు మొదలుపెట్టవచ్చు.

## మాట అర్థం తెలుసుకోగోరేవారికి

"యేసు నామమున" అంటే అసలు అర్థం ఏమిటి?

తెలుగులో పేరంటే పిలుపు ఒక్కటే కాదు. ఒకరు పేరు తెచ్చుకొంటారు, మరొకరు పేరు పోగొట్టుకొంటారు, ఒక కొడుకు తండ్రి పేరు నిలబెడతాడు. ఈ ప్రయోగాలన్నిటిలోనూ పేరంటే ఆ మనిషి గుణం, గౌరవం, అతని మాటకున్న విలువ. హెబ్రీలో 'షేమ్', గ్రీకులో 'ఒనొమా' అనే మాటలు కూడా బైబిలులో ఈ విస్తృతమైన అర్థంలోనే వస్తాయి. కాబట్టి యేసు నామమున ప్రార్థించడమంటే, సొంత అర్హతను పక్కన పెట్టి ఆయన అర్హత మీద నిలబడి, ఆయన స్వభావానికి తగిన మనవిని, ఆయన ఇచ్చిన అనుమతితో తండ్రి ఎదుట ఉంచడం.

మొదటి సమూయేలు 25వ అధ్యాయంలో దీనికి మంచి చిత్రం ఉంది. దావీదు పదిమంది యౌవనులను పిలిచి, తన పేరు చెప్పి కుశలమడగమని, గొర్రెల బొచ్చు కత్తిరిస్తున్న నాబాలు దగ్గరకు పంపుతాడు. వారు వెళ్లి, దావీదు చెప్పమన్న మాటలన్నీ ఆయన పేరట చెప్పి ఊరకుంటారు. తమ తరఫున ఒక్క మాట కూడా కలపరు. నాబాలు వారిని మీరెవరని అడగడు, "దావీదు ఎవడు?" అంటాడు. వారికి జరిగిన అవమానాన్ని దావీదు తనకే జరిగినట్లు తీసుకొంటాడు. వచ్చినవారు పదిమంది అయినా, ఆ గుమ్మం ముందు నిలబడింది దావీదు పేరు.

తెలుగు బైబిలులో ఒకచోట "నా నామమున" అనీ, మరొకచోట "నా పేరట" అనీ ఉంది. రెండూ వేర్వేరా?

వేరు కాదు. యోహాను సువార్త 14:13లో "నా నామమున" అని, 16:23లో "నా పేరట" అని తెలుగు అనువాదకులు రాసినప్పటికీ, మూల గ్రీకులో రెండు చోట్లా ఉన్నది 'ఎన్ టో ఒనొమాటి మూ' అనే ఒకే పదబంధం. 'పేరట' అన్న మాట సంస్కృత పదం కన్నా వాడుకకు దగ్గరగా ఉండి, ఒకరి తరఫున వచ్చామన్న భావాన్ని వెంటనే తెలుపుతుందని నా అభిప్రాయం. అయితే మత్తయి 28:19లో బాప్తిస్మం గురించి "నామములోనికి" అన్నచోట గ్రీకు విభక్తి వేరు. అక్కడి భావం ఒకరికి చెందినవారమై వారిలోనికి చేరడం. ఈ తేడాను తెలుగు అనువాదకులు చక్కగా పట్టుకొన్నారు.

"యేసు" అనే పేరుకు అర్థమేమిటి? "యెషువా" అని హెబ్రీలో పలికితేనే ప్రార్థన చెల్లుతుందా?

యేసు అనేది పాత నిబంధనలోని యెహోషువ పేరే. యెహోవాయే రక్షణ అని దాని భావం. అందుకే మత్తయి 1:21లో దూత పేరు చెప్పిన వెంటనే, తన ప్రజలను వారి పాపముల నుండి ఆయనే రక్షిస్తాడని కారణం కూడా చెప్తాడు. ఉచ్చారణ విషయానికి వస్తే, అపొస్తలులే తమ లేఖల్లో హెబ్రీ రూపాన్ని పట్టుకొని కూర్చోక, గ్రీకులో 'ఇయేసూస్' అని రాశారు. పలుకులోనే శక్తి ఉండి ఉంటే క్రొత్త నిబంధనను గ్రీకులో రాయడమే పొరపాటయ్యేది. హెబ్రీ రూపాన్ని ప్రేమతో వాడేవారిని తప్పుపట్టనవసరం లేదు, వాడనివారి ప్రార్థనను అనుమానించనవసరమూ లేదు.

పరలోక ప్రార్థన చివర "యేసు నామమున" అని లేదు కదా! ఆయనే నేర్పిన ప్రార్థనలో ఎందుకు లేదు?

ఈ ప్రశ్న అడిగినవారు బైబిలును శ్రద్ధగా చదివినవారై ఉంటారు. మత్తయి 6వ అధ్యాయంలోనూ, లూకా 11వ అధ్యాయంలోనూ ఉన్న ఆ ప్రార్థనను యేసు శిష్యులకు తన పరిచర్య కాలంలో నేర్పాడు. తన నామమున అడగమన్న మాట సిలువకు ముందు రాత్రి వచ్చింది. "ఇదివరకు మీరేమియు నా పేరట అడుగలేదు" అని ఆయనే అన్నాడు (యోహాను 16:24). ఆయన మరణించి, లేచి, తండ్రి యొద్దకు వెళ్లడంతో ఒక కొత్త స్థితి మొదలవుతుందని ఆ మాటల సారం.

అయినా ఆ ప్రార్థనలో నామం లేదనడం పూర్తిగా సరికాదు. దాని మొదటి మనవే "నీ నామము పరిశుద్ధపరచబడు గాక" అన్నది. అంతేకాక దేవుణ్ణి "మా తండ్రీ" అని పిలిచే చనువు ఎక్కడిది? కుమారుడు తన పిలుపును మనకు అరువిచ్చాడు గనుక కలిగిన చనువు అది. మాట కనబడకపోయినా భావం మొదటి పలుకులోనే ఉంది.

## ప్రార్థించేటప్పుడు వచ్చే సందేహాలు

తండ్రికి ప్రార్థించాలా, యేసుకే నేరుగా ప్రార్థించవచ్చా?

క్రొత్త నిబంధనలో ఎక్కువగా కనిపించే క్రమం ఎఫెసీయులకు 2:18లో ఉంది. అక్కడ కుమారుని ద్వారా, ఒక్క ఆత్మయందు, తండ్రి సన్నిధికి చేరుతాము. సంఘం కూడి చేసే ఆరాధనలో ఈ క్రమాన్ని కాపాడాలన్న పట్టుదల పాతదే. బలిపీఠం వద్ద చేసే ప్రార్థన ఎల్లప్పుడూ తండ్రినే ఉద్దేశించి ఉండాలని క్రీ.శ. 397లో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజీ నగరంలో కూడిన సంఘ పెద్దల సభ నియమం చేసింది.

అలాగని యేసును నేరుగా పిలవడం తప్పు కాదు. రాళ్ల దెబ్బల మధ్య స్తెఫను "యేసు ప్రభువా, నా ఆత్మను చేర్చుకొనుము" అన్నాడు (అపొస్తలుల కార్యములు 7:59). పౌలు తనను వేధిస్తున్న, తాను "శరీరంలోని ముల్లు" అని పిలిచిన బాధను తొలగించమని ప్రభువును వేడుకొన్నాడు. బైబిలులోని చివరి ప్రార్థన "ప్రభువైన యేసూ, రమ్ము" అన్నదే. బయటివారి సాక్ష్యం కూడా ఉంది. సుమారు క్రీ.శ. 112లో బితూనియ అనే రోమా రాష్ట్రాన్ని పాలిస్తున్న ప్లినీ, రోమా చక్రవర్తి ట్రాజనుకు రాసిన లేఖలో, క్రైస్తవులు తెల్లవారకముందే కూడి క్రీస్తును దేవునిగా ఎంచి కీర్తన పాడుకొంటారని తెలిపాడు.

యోహాను 14:14 గురించి ఒక చిన్న మాట. కొన్ని గ్రీకు ప్రతుల్లో "నన్ను అడిగినను" అని ఉంది, కొన్నింటిలో "నన్ను" అనే మాట లేదు. ఈ ఒక్క వచనం మీదనే వాదం నిలబెట్టడం మంచిది కాదు, నిలబెట్టవలసిన అవసరమూ లేదు.

మధ్యవర్తి లేకపోతే తండ్రి వినడా? ఆయన అంత కఠినుడా?

నామమున ప్రార్థించడం గురించిన అపార్థాలన్నిటిలో లోతైనది ఇదే. చాలామంది మనసులో ఒక బొమ్మ ఉంటుంది: సింహాసనం మీద కోపంగా కూర్చున్న తండ్రి, పక్కన నిలబడి ఆయనను బుజ్జగిస్తున్న కుమారుడు. పెద్ద అధికారి దగ్గర పని కావాలంటే ఆయనకు కావలసినవారి చేత చెప్పించుకోవాలన్న లోకజ్ఞానాన్ని మనం తెలియకుండానే ప్రార్థనలోకి మోసుకొచ్చాము. యేసు నామం ఒక సిఫారసు చీటీ అయిపోయింది.

ఈ బొమ్మను యేసే చెరిపేశాడు. యోహాను 16:26, 27 వచనాల్లో ఆయన, ఆ దినమందు మీరు నా పేరట అడుగుదురు అని చెప్పి, మీ విషయమై నేను తండ్రిని వేడుకొందునని మీతో చెప్పడం లేదు, తండ్రి తానే మిమ్మును ప్రేమించుచున్నాడు అన్నాడు. తన పేరట అడగమన్న నోటితోనే, తండ్రిని ఒప్పించే పని తనది కాదని స్పష్టం చేశాడు. కుమారుణ్ణి పంపింది తండ్రే, ఆ నామాన్ని మన చేతికిచ్చిందీ తండ్రే.

మరి యేసు మన పక్షమున విజ్ఞాపన చేస్తున్నాడని రోమీయులకు 8:34, హెబ్రీయులకు 7:25 చెప్పడం లేదా? చెప్తున్నాయి. అయితే ఆ విజ్ఞాపన ఇష్టం లేని తండ్రిని బ్రతిమాలడం కాదు. మన మనుష్యత్వాన్ని ధరించి, చావును దాటి, దేవుని సన్నిధిలో మన కోసం నిలిచి ఉన్న ఒకడున్నాడన్నదే అక్కడి ధైర్యం. హెబ్రీయుల పత్రిక ఆ ధైర్యంతోనే కృపాసనం దగ్గరకు రమ్మంటుంది. పాపం వల్ల దూరమైనవారికి దారి కావలసి వచ్చిన మాట నిజమే, కాని ఆ దారి వేసింది ఎదురుచూస్తున్న తండ్రే.

"మీరేమి అడిగినను చేతును" అన్నాడు కదా, అయితే ఏదైనా అడగవచ్చా?

ఏదైనా అడగవచ్చు, కాని అడిగిన ప్రతిదీ ఆయన నామమున అడిగినది కాదు. సంతకం చేసిన ఖాళీ చెక్కు చేతికిచ్చినట్లు ఈ వాగ్దానాన్ని చూడడం అలవాటైపోయింది. వకాల్తా పుచ్చుకొన్న న్యాయవాదిని తలచుకొంటే మేలు. కోర్టులో అతను కక్షిదారు పేరిట మాట్లాడతాడు, సంతకం పెడతాడు. అయినా ఆ వకాల్తా చూపించి తన సొంత పొలం తగాదాను కక్షిదారు పేరిట వాదించుకోలేడు. యోహాను 14:13లో వాగ్దానం వెంటే దాని ఉద్దేశం కూడా ఉంది: తండ్రి కుమారునియందు మహిమపరచబడాలి. 15:7లో మరో నియమం ఉంది: ఆయనలో నిలిచి ఉండాలి, ఆయన మాటలు మనలో నిలిచి ఉండాలి.

ఒకరి పేరును వారి గుణానికి విరుద్ధంగా వాడితే ఏమవుతుందో మొదటి రాజులు 21వ అధ్యాయం చూపిస్తుంది. నాబోతు ద్రాక్షతోట కోసం యెజెబెలు అహాబు పేరట ఉత్తరాలు రాయించి, అతని ముద్రతో ముద్రించి పంపుతుంది. పేరు నిజమైనది, ముద్ర నిజమైనది. ఆ ఉత్తరాల వల్ల ఒక నిర్దోషి రాళ్లతో కొట్టబడి చనిపోతాడు. అహాబు మంచివాడేమీ కాడు గనుక ఆ పేరుకు అది మరీ అపచారం కాలేదేమో గాని, పగ తీర్చమనీ, పొరుగువాడు పాడైపోవాలనీ అడిగి చివర యేసు నామాన్ని ముద్రలా వేయడం ఆ కథకు దగ్గరగా ఉండే పని. దేవుని నామాన్ని వ్యర్థంగా ఉచ్చరించకూడదన్న ఆజ్ఞను ఒట్లు పెట్టుకోవడానికే పరిమితం చేయకూడదని నేను నమ్ముతాను.

ఇంతమాత్రాన చిన్న చిన్న అవసరాలు అడగకూడదని కాదు. అనుదినాహారం అడగమని నేర్పింది ఆయనే.

నామాన్ని ఎన్నిసార్లు పలికితే అంత శక్తి ఉంటుందా?

ఉండదు. విస్తరించి మాట్లాడితే వింటారనుకొని వ్యర్థమైన మాటలు వల్లించవద్దని మత్తయి 6:7 చెప్తుంది. అయితే మళ్లీ మళ్లీ పలకడమంతా వ్యర్థమని కూడా అనలేము. తూర్పు ఆర్థడాక్స్ సంఘాల్లో "ప్రభువైన యేసుక్రీస్తూ, దేవుని కుమారుడా, పాపినైన నన్ను కరుణించుము" అనే చిన్న ప్రార్థనను ఊపిరితో పాటు పలికే సంప్రదాయం శతాబ్దాలుగా ఉంది. అక్కడ ఉద్దేశం లెక్క పూర్తిచేయడం కాదు, చెదిరిపోయే మనసును ఒకచోట నిలపడం.

"యేసు నామమున గద్దిస్తున్నాను, ఆజ్ఞాపిస్తున్నాను" అనడం కూడా ప్రార్థనేనా?

ఖచ్చితంగా చెప్పాలంటే కాదు. ప్రార్థన దేవునితో చెప్పేది, ఆజ్ఞ వ్యాధితోనో దురాత్మతోనో చెప్పేది. రెండోదానికి క్రొత్త నిబంధనలో ఆధారం ఉంది. శృంగారమనే దేవాలయ ద్వారం దగ్గర కుంటివానితో పేతురు నజరేయుడైన యేసుక్రీస్తు నామమున నడువుమన్నాడు. అయితే వెంటనే జనులవైపు తిరిగి, మా సొంత శక్తి చేత గాని భక్తి చేత గాని ఇతన్ని నడిపించినట్లు మావైపు ఎందుకు చూస్తున్నారని కూడా అడిగాడు. గద్దింపు స్వరం ఎంత పెరిగితే విశ్వాసం అంత ఎక్కువన్న భావన నాకు మింగుడుపడదు. ప్రధానదూతయైన మిఖాయేలు కూడా అపవాదితో వాదించినప్పుడు "ప్రభువు నిన్ను గద్దించును గాక" అన్నాడని యూదా పత్రిక చెప్తుంది.

నామాన్ని మంత్రంలా వాడడానికీ, విశ్వాసంతో పలకడానికీ తేడా ఎలా తెలుస్తుంది?

ఎఫెసులో స్కెవ అనే ప్రధానయాజకుని ఏడుగురు కుమారుల కథ దీనికే ఉన్నట్లుంటుంది (అపొస్తలుల కార్యములు 19:13-16). పౌలు ప్రకటిస్తున్న యేసు పేరు పనిచేస్తోందని విని, వారు ఆ పేరును తమ భూతవైద్యంలో కలుపుకొన్నారు. మాటల్లో పొరపాటు లేదు. దురాత్మ మాత్రం, యేసును ఎరుగుదును, పౌలును కూడా ఎరుగుదును, "మీరెవరు?" అని అడిగింది. వారు గాయాలతో, బట్టలు లేకుండా ఇల్లు వదిలి పారిపోయారు. వారు పలికిన పేరు గలవానితో వారికి పరిచయం లేదు. మంత్రానికి పలుకు శుద్ధి చాలు, పేరు చెప్పుకోవడానికి సంబంధం కావాలి.

## జవాబు రానప్పుడు

యేసు నామమున ఎంతో విశ్వాసంతో అడిగాను, అయినా జరగలేదు. నా ప్రార్థనలో లోపం ఉందా?

ఈ ప్రశ్నను తరచుగా రోగి మంచం పక్కనుంచో, సమాధి దగ్గర నుంచి ఇంటికి వచ్చినవారో అడుగుతారు. కాబట్టి యాకోబు 4:3లోని దురుద్దేశంతో అడిగినవారి మాటను తొందరపడి వారి మీద విసరకూడదు. ఆ వచనం తమ భోగాల కోసం అడిగేవారికి రాసినది, బిడ్డ ప్రాణం కోసం అడిగిన తల్లికి కాదు.

ఆ నామం ఎవరిదో ఆయనే సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో, రాబోయే శ్రమను గురించి "ఈ గిన్నె నాయొద్దనుండి తొలగించుము" అని అడిగాడు, గిన్నె తొలగలేదు. పౌలు మూడుసార్లు వేడుకొన్నాడు, ముల్లు పోలేదు. "నా కృప నీకు చాలును" అన్న జవాబు వచ్చింది. ఈ ఇద్దరి విశ్వాసంలో లోపం వెదికేవారు ఎవరూ ఉండరు. నామమున అడగడంలో "నా యిష్టప్రకారము కాదు నీ చిత్తప్రకారమే" అన్న మాట ఇమిడే ఉంటుంది, ఎందుకంటే ఆ నామం గలవాడు అలాగే ప్రార్థించాడు. ఆ మాట వాగ్దానానికి పెట్టిన మెలిక కాదు. ఆయన కూడా చెమటోడ్చి, నేలమీద పడి, మాటిమాటికీ అదే అడిగి గాని అక్కడికి చేరలేదు. ఇంకా అడుగుతూ ఉన్నవారిని ఆపి, అంగీకరించమని ఒత్తిడి చేయనక్కరలేదు.

ఏం అడగాలో కూడా తెలియనప్పుడు ఏం చేయాలి?

ఆత్మయే ఉచ్చరింప శక్యము కాని మూలుగులతో మన పక్షంగా విజ్ఞాపన చేస్తాడని రోమీయులకు 8:26 చెప్తుంది. కొన్ని రోజులు ఆ నామం ఒక్కటే ప్రార్థన అవుతుంది, వాక్యం కట్టే ఓపిక ఉండదు.

## సంఘంలో తలెత్తే ప్రశ్నలు

"తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామమున" అనాలా, "యేసు నామమున" అనాలా?

ప్రార్థన విషయంలో రెండూ ఒకే దేవుని వైపు చేర్చే మాటలే. బాప్తిస్మ వాక్యం విషయంలో మాత్రం పెద్ద వివాదమే నడిచింది. మత్తయి 28:19లో తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురికీ "నామము" అని ఏకవచనమే ఉంది. అపొస్తలుల కార్యములు 2:38లో యేసుక్రీస్తు నామమున అని ఉంది. అమెరికాలో 1913లో పెంతెకొస్తు వారి మధ్య మొదలైన ఈ చర్చ, 1916లో అసెంబ్లీస్ ఆఫ్ గాడ్ అనే పెంతెకొస్తు సంఘాల కూటమి త్రిత్వ విశ్వాసాన్ని (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అనే ముగ్గురుగా ఉన్న ఒకే దేవుడన్న నమ్మకాన్ని) స్థిరపరచడంతో చీలికకు దారితీసింది. యేసు నామమున మాత్రమే బాప్తిస్మమిచ్చే ఏకత్వ పెంతెకొస్తు సంఘాలు అలా వేరయ్యాయి. మిగిలిన సంఘాల్లో అత్యధికం త్రియేక నామాన్నే వాడతాయి.

చనిపోయిన పరిశుద్ధులను మన కోసం ప్రార్థించమని కోరడం యేసు నామానికి విరుద్ధమా?

సంఘాలు ఇక్కడ విడిపోతాయి. దేవునికీ నరులకూ మధ్యవర్తి ఒక్కడే అన్న 1 తిమోతి 2:5ను బట్టి ప్రొటెస్టంట్లు దీన్ని అంగీకరించరు. కథోలికులు, ఆర్థడాక్స్ వారు మాత్రం, బ్రతికి ఉన్న సహవిశ్వాసిని మన కోసం ప్రార్థించమని అడిగినట్లే ప్రభువునందు నిద్రించినవారిని అడుగుతున్నామని అంటారు. నాకు మొదటి వాదనే బలంగా తోస్తుంది. అయినా కథోలిక ఆరాధనలో ప్రధాన ప్రార్థనలు మా ప్రభువైన యేసుక్రీస్తు ద్వారా అనే ముగుస్తాయన్న సంగతి, వారు మధ్యవర్తిని మార్చేశారని తేలికగా అనేవారు తెలుసుకోవాలి.

చివర "ఆమేన్" ఎందుకు?

స్థిరమైనది, నమ్మదగినది అనే అర్థమున్న హెబ్రీ ధాతువు నుంచి వచ్చిన మాట అది. ఒకరు చేసిన ప్రార్థనను మిగిలినవారు తమదిగా చేసుకొనే సంతకం కూడా. అందుకే ప్రార్థన వినకుండా ఆమేన్ చెప్పడం, చదవకుండా సంతకం పెట్టడం లాంటిది.

"యేసు నామమున" అనడం మరచిపోయి ప్రార్థన ముగించాను. మళ్లీ మొదలుపెట్టాలా?

అక్కరలేదు. క్రొత్త నిబంధనలో నమోదైన ప్రార్థనల్లో ఒక్కటి కూడా "యేసు నామమున, ఆమేన్" అనే సరిగ్గా ఆ మాటలతో ముగియదు. మునిగిపోతూ పేతురు "ప్రభువా, నన్ను రక్షించుము" అన్నాడు, వెంటనే చెయ్యి అందింది. ఆ మాట చెప్పడం మంచి అలవాటే. ఎవరి వల్ల వచ్చామో మనకే గుర్తుచేస్తుంది, వింటున్నవారికీ తెలుపుతుంది.

ఒకసారి భోజనం ముందు ఆరేళ్ల పాప ప్రార్థన చేసి, కళ్లు తెరిచి, ముద్ద చేతిలోకి తీసుకొన్నాక ఏదో గుర్తొచ్చినట్లు ఆగింది. ముద్దను మెల్లగా పళ్లెంలో పెట్టి, ఒక కన్ను మాత్రం మూసి, "యేసు నామమున" అని గొణిగి, మళ్లీ ముద్ద అందుకొంది. పక్కనున్న నేను నవ్వు ఆపుకొన్నాను గాని సరిదిద్దలేదు.